బాసరకు మొదట వచ్చింది ముసలాయనే

వసంత పంచమి నాడు బాసరలో అడుగు పెట్టే సందు ఉండదు. తెల్లారకముందే గోదావరి స్నానాలు, తడి తలలతోనే లైను. ఆ లైనులో ఎటు చూసినా పసివాళ్ళే. కొందరు నాన్న భుజం మీద నిద్రపోతుంటారు. కొందరు ఏడ్చి ఏడ్చి కాటుక బుగ్గల దాకా పూసుకొని ఉంటారు. అందరి దగ్గరా ఓ పలక, ఓ బలపం.

నేను పోయిన రోజు నా ముందున్నది భైంసా దిక్కు కుటుంబం. మూడేళ్ళ పిల్లగాడు నాయనమ్మ ఒళ్ళో కూర్చున్నాడు. తండ్రి ఫోను పట్టుకొని ఫొటోల పనిలో ఉన్నాడు. తల్లి చంకలో ఇంకో పాప. అయ్యగారు బలపం పిల్లవాని వేళ్ళ మధ్య పెట్టి, దగ్గరున్నది నాయనమ్మే కనుక, "చెయ్యి పట్టి దిద్దించమ్మా" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నది. బలపం పలకకు ఆనింది. అక్కడే ఆగింది. కాసేపటికి ఆమె కొడుకు దిక్కు తిరిగి, "నాకేడ వస్తది బిడ్డా, నువ్వే రా" అన్నది. నవ్వుతూనే అన్నది. కొడుకు ఫోను జేబులో వేసుకొని వచ్చాడు. ఆమె పక్కకు జరిగింది. పిల్లగాడు ఓనమాలు దిద్దాడు. లైను ముందుకు కదిలింది.

ఎవరికీ అందులో వింత కనబడలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ కనబడలేదు. తిరుగు బస్సులో కూర్చున్నాక తట్టింది. సాక్షాత్తూ జ్ఞాన సరస్వతి ఎదుట, బలపం దాకా వచ్చిన ఒక మనిషి పక్కకు జరిగిపోయింది. ఆమెకు చదువు అక్కర లేదని అమ్మవారేమన్నా చెప్పిందా? మనం చెప్పాం. ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాం. ఆమె నమ్మింది.

జ్ఞానం భగవంతుడిచ్చే వరమని మన దగ్గర అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుంటూనే ఆ వరానికి ఒక గడువు కూడా పెట్టుకున్నారు. అయిదేళ్ళలోపు పలక పట్టాలి, పదహారుకు పది పాసవ్వాలి, ఇరవై రెండుకు ఇంజనీరింగు అయిపోవాలి. ఆ బస్సు తప్పితే ఇక బస్టాండులో కూర్చోవలసిందే. ఎవరైనా నలభై దాటాక పుస్తకం పట్టుకుంటే చుట్టుపక్కలవాళ్ళు ముసిముసిగా నవ్వి ఒక సామెత విసురుతారు: మొక్కై వంగనిది మానై వంగునా అని. ఈ సామెతతోనే నా పేచీ. ఈ సామెత నీడలో హాయిగా కూర్చున్న మనందరితోనూ పేచీ.

అసలు ఆ సామెత దేని గురించో ఒకసారి చూడండి. వంగడం గురించి. చిన్నప్పుడు అదుపులో పెట్టని పిల్లవాడు పెద్దయ్యాక అదుపులోకి రాడని దాని తాత్పర్యం. క్రమశిక్షణ గురించి చెప్పిన మాటను తెచ్చి నేర్చుకోవడానికి అంటగట్టాం. మాను వంగదు, నిజమే. పూయదని ఎవరన్నారు? ఉట్నూరు, జైనూరు గూడేల్లో ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు ఏరేవాళ్ళను అడగండి, తెల్లవారుజామున బుట్ట పట్టుకొని ఏ చెట్టు కిందికి పోతారో. లేత మొక్క కిందికి ఎవరూ పోరు. తాతల నాటి మాను కిందికే పోతారు.

బాసర సంగతికే మళ్ళీ వద్దాం. ఆ స్థలపురాణం మనకు నోటికి వచ్చు గాని చెవికి ఎక్కినట్టు లేదు. కురుక్షేత్రం ముగిసింది. మనవలు మనవలను చంపుకోవడం కళ్ళారా చూసిన వ్యాసుడు మనసు కుదుటపడక శిష్యులను వెంటబెట్టుకొని దక్షిణానికి వచ్చాడు. గోదావరి ఒడ్డున ఆగాడు. రోజూ స్నానం చేసి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి మూడు చోట్ల పోసేవాడు. ఆ ఇసుకే సరస్వతి, లక్ష్మి, కాళి అయింది. వ్యాసుడున్న ఊరు వ్యాసర, వాసర అయి చివరికి బాసర అయింది. ఇదీ కథ.

ఆ కథలో వ్యాసుడి వయసెంత? పాండవులకు తాత. అభిమన్యుడికి ముత్తాత. వేదాలను విభజించడం అప్పటికే అయిపోయింది. లోకం దృష్టిలో ఆయన నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదు. అయినా తనకు తెలిసినదేదీ తన దుఃఖానికి పనికిరాలేదని గ్రహించి, ఆ వయసులో ఇసుక మోసుకుంటూ అమ్మవారిని అడిగాడు. అంటే బాసరకు మొట్టమొదట వచ్చిన విద్యార్థి తల నెరిసినవాడు. అట్లాంటి ఊళ్ళో ఈ రోజు రెండు పెద్ద విద్యాస్థానాలున్నాయి. ఒకటి గుడి, రెండోది 2008లో ఏర్పడ్డ ఆర్‌జీయూకేటీ, జనం నోట్లో ట్రిపుల్ ఐటీ. ఒకదాంట్లో మూడేళ్ళవాళ్ళు చేరతారు, ఇంకోదాంట్లో పది పాసైనవాళ్ళు. వ్యాసుడే ఇవాళ వస్తే ఆయనకు రెండు చోట్లా సీటు లేదు.

ఇది పురాణం, సాక్ష్యం కాదంటారా? అయితే గోదావరి వెంటే ఇంకొంచెం కిందికి రండి. ఖానాపూర్ దగ్గర నది పాయల నడుమ బాదనకుర్తి ఉంది. బౌద్ధుల సుత్తనిపాతంలో కనిపించే బావరి ఆశ్రమం ఇక్కడిదేనని మన చరిత్రకారులు కొందరు చెబుతారు. ఊరు గురించి వాదన ఉంటే ఉండనీయండి. గోదావరి ఒడ్డు, అస్సక దేశం అని మాత్రం ఆ గ్రంథమే చెబుతుంది. బావరి మంత్రాలు తెలిసిన పెద్ద గురువు. ఒకనాడు ఓ బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగాడు. బావరి ఇవ్వలేకపోయాడు. ఏడు రోజుల్లో నీ తల ఏడు ముక్కలవుతుందని అతను శపించిపోయాడు. బావరికి నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. తల అంటే ఏమిటో, అది పగలడం అంటే ఏమిటో చెప్పగలవాడు ఉత్తరాన ఉన్నాడని తెలిసి పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. అవిద్యే ఆ తల, విద్యే దాన్ని పగలగొట్టేది అని బుద్ధుడు వాళ్ళకు చెప్పాడు. అప్పటికి బావరి వయసు 120 ఏళ్ళని ఆ గ్రంథంలోనే ఉంది.

నాకు ఇందులో బాగా నచ్చేది బావరి కంటే పింగియుడు. పదహారు మందిలో ఒకడు. బుద్ధుడి ముందు నిలబడి ఆయన మొదట చెప్పుకున్నది తన ముసలితనం గురించే. ఒంట్లో సత్తువ లేదు, కళ్ళు సరిగా ఆనవు, చెవులు వినపడవు, ఏమీ తెలియకుండానే పోతానేమో, చెప్పండి అని వేడుకున్నాడు. ఇంత ఆలస్యంగా వచ్చావేమని బుద్ధుడు అనలేదు. చెప్పాడు. తిరిగి వచ్చి బావరికి ఆ సంగతంతా వినిపించినవాడు ఈ పింగియుడే. ఒక ముసలి శిష్యుడు తన ముసలి గురువుకు కొత్త పాఠం మోసుకొచ్చాడు. మన గోదావరి ఒడ్డున జరిగిన కథ ఇది. మన పిల్లల వాచకాల్లో నేనైతే ఎక్కడా చూడలేదు.

ఇక్కడ నా వాదనను తమకు అనుకూలంగా తిప్పుకొనేవాళ్ళు ఇంకో రకం ఉన్నారు. "చూశారా, జ్ఞానం వయసుతోనే వస్తుంది, మేం ముందే చెప్పలేదా" అని మీసం దువ్వుతారు. పంచాయితీ గద్దె మీద, పెళ్ళి మాటల దగ్గర, పొలం పంపకాల దగ్గర వీళ్ళ మాటే చెల్లుతుంది. వయసులో ఉన్నవాడు నోరు తెరిస్తే, "నిన్నగాక మొన్న పుట్టినోనివి, నీకేమెరుక" అని కూర్చోబెడతారు. నేర్చుకోవడానికి ముసలితనం అడ్డం, చెప్పడానికి పసితనం అడ్డం. రెండూ ఒకే గింజలోంచి మొలిచినవి. దేవుడి సొత్తుకు వయసును గుత్తేదారుగా చేసి కూర్చోబెట్టడమే రెండు చోట్లా జరిగిన పని.

వీళ్ళకు జవాబు చెప్పడానికి నేను అక్కర లేదు, ధర్మపురి నరసింహస్వామి చాలు. ఆ స్వామి ఎవరి కోసం వచ్చాడు? అయిదేళ్ళ పిల్లవాడి మాట నిజం చేయడానికి వచ్చాడు. అటు పక్కన తండ్రి ఉన్నాడు, చక్రవర్తి. చండామార్కులనే గురువులున్నారు, ముల్లోకాల పెద్దరికం ఉంది. ఇటు పక్కన ఒక్క పిల్లవాడు. పెద్దల మాట చద్దిమూట అని ఆ రోజు స్తంభం కూడా ఊరుకొని ఉంటే ధర్మపురి క్షేత్రమే లేదు. ఏటా జాతరకు పోయి ఆ స్వామికి దండం పెట్టి, ఇంటికొచ్చి కూతురు పెళ్ళి విషయంలో ఆ పిల్లను నోరెత్తనివ్వని పెద్దమనుషులు నాకు తెలుసు. స్వామి పక్షమేదో, తాము ఏ పక్షంలో నిలబడ్డారో ఒకసారి చూసుకుంటే బాగుండు.

అదే ధర్మపురిలో శేషప్ప కవి ఉన్నాడు. నరసింహ శతకం మొదట్లోనే ఆయన తన సంగతి దాచుకోకుండా చెప్పుకున్నాడు. ఛందస్సు పాఠం నేర్వలేదని, కావ్యాలు పఠించలేదని, అమరం తిరగేయలేదని, శాస్త్రాలు చదవలేదని, ఇదంతా నీ కటాక్షమే గాని నా ప్రజ్ఞ కాదని స్వామితో అన్నాడు. అది కవుల వినయం, ఆనవాయితీ అని పండితులు కొట్టిపారేయవచ్చు. కావచ్చు. కానీ కావ్యాలు చదివి, అమరం వల్లెవేసి, అన్నీ సక్రమంగా నేర్చుకున్న ఎందరో ఆస్థాన కవుల గ్రంథాలు చెదలు తింటున్నాయి. శేషప్ప సీసాలు భజన మండళ్ళలో, వడ్లు దంచే చోట, పశువుల కాపరుల నోళ్ళలో బతికాయి. చదువుకు సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరన్న ప్రశ్నకు ఆ శతకమే జవాబు.

మన పక్కింటివాళ్ళ మాట కూడా ఇదే. కరీంనగర్ మసీదుల్లో, చర్చిల్లో అడిగి చూడండి. ముహమ్మద్ ప్రవక్తకు హిరా గుహలో మొదట వినబడిన మాట 'చదువు' అని. అప్పుడాయన వయసు 40, చదవడం రాని మనిషి. బైబిల్లో యోబు గ్రంథం 32వ అధ్యాయంలో ఎలీహు అనే యువకుడు ముగ్గురు పెద్దల వాదన అయిపోయేదాకా ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక, వయసు వచ్చినంత మాత్రాన తెలివి రాదని, దేవుని ఊపిరే మనిషికి వివేకమిస్తుందని మొహం మీదే చెబుతాడు. నలభైలో ఒకరికి, పడుచుతనంలో ఒకరికి. దేవుడి రిజిస్టరులో పుట్టిన తేదీ గడి ఉన్నట్టు ఎక్కడా కనబడదు.

దేవుణ్ణి నమ్మని మిత్రులు ఈపాటికి విసుక్కుంటుంటారు. శాస్త్రం సంగతేమిటి, పసి మెదడుకు ఉండే చురుకు ముసలి మెదడుకు ఉంటుందా అని. ఉండదు. కొత్త భాష యాసతో సహా పట్టుకోవడంలో అయిదేళ్ళ పిల్లను యాభై ఏళ్ళ మనిషి గెలవలేడు. అది ఒప్పుకుంటాను. అంతమాత్రాన మిగతా తలుపులన్నీ మూసుకుపోయినట్టా? లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే నగరం నడిబొడ్డు చుట్టూ ఉన్న దాదాపు 25 వేల వీధులు కంఠతా రావాలి. ఏళ్ళ తరబడి తిరిగి నేర్చుకుంటారు. 2000లో ఎలినార్ మాగ్వైర్ బృందం ఆ డ్రైవర్ల మెదళ్ళను పరీక్షించి, దారులు గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలువాళ్ళకంటే పెద్దగా ఉందని చూపింది. బడి వయసు ఎప్పుడో దాటిన మనుషుల మెదళ్ళవి. మాను పూసింది.

లండన్ దాకా పోవడమెందుకు. పాతికేళ్ళ కిందటి మాట. కోరుట్ల దిక్కు మా బంధువుల ఇంటి పక్కన ఒక పెద్దమ్మ బీడీలు చేసేది. ఆ వాడకట్టులో ఆడవాళ్ళందరిదీ అదే పని. గడప పక్కన గోడకానుకొని కూర్చుంటే ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. నానబెట్టిన ఆకును కత్తెరతో రేకుకు సరిగ్గా కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, మొన నొక్కి, దారం కట్టేది. ఇదంతా ఆమె నాతో మాట్లాడుతూ, మధ్యలో కోడిని అదిలిస్తూ చేసేది. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కట్టల లెక్క తప్పకుండా చింతగింజలు పక్కకు వేసుకునేది. ఆకు కట్ట చేతిలో పట్టుకుంటేనే ఎన్ని బీడీలకు వస్తుందో చెప్పేది. ఆ తెలివికి ఏ బడీ లేదు.

అయినా ప్రతి వారం ఆమె మోసపోయేది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పితే అక్కడి మనిషి కొన్ని బాగాలేవని తీసి పక్కన పడేసి, మిగిలినవి కార్డులో రాసేవాడు. ఏం రాశాడో ఈమెకు తెలియదు. వారం చివర ఇచ్చినంత తీసుకునేది. మనుమరాలు రెండో తరగతిలో చేరాక, రాత్రిపూట ఆ పిల్ల పలక మీద ఎక్కాలు రాస్తుంటే ఈమె పక్కన కూర్చొని చూసేది. మొదట చూడటమే. తర్వాత ఒకరోజు అడిగింది, ఏడు ఎట్ల ఉంటదే అని. పిల్ల గీసి చూపింది. అప్పటికామెకు 52 దాటాయి. రెండు మూడు నెలల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు వచ్చాయి. ఆ తర్వాత వందలు, వేలు. రాయడం అంత బాగా రాలేదు, చదవడం వచ్చింది.

ఒకనాడు కార్ఖానాలో కార్డు చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకున్నది. "ఇగో బిడ్డా, నేను లెక్కపెట్టి ఇచ్చింది వెయ్యి, నువ్వు తీసేసినయి నలభై. ఈడ ఎనిమిది వందలు రాసినవేంది?" అన్నది. ఆ మనిషి ముందు తత్తరపడి, తర్వాత నవ్వేశాడట. "ఈ వయసుల నీకెందుకు పెద్దమ్మా ఈ సదువు?" అన్నాడట. దిద్దవలసిన అంకె మాత్రం దిద్దాడు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దమ్మ మొహంలో కనబడ్డ వెలుగును దేవుడిచ్చింది అనకుండా ఇంకేమనాలో నాకు తెలియదు. పలక మనుమరాలిది. పూనిక ఆమెది. ఏడు ఎట్ల ఉంటదే అని ఒక రాత్రి, అన్ని రాత్రులూ కాక ఆ ఒక్క రాత్రి, అడగాలనిపించింది చూడండి, అది ఎవరిచ్చారు?

దేవుడిచ్చేదైతే కష్టపడటం ఎందుకు అని అడిగేవాళ్ళకు మా ఊరి చెరువే సమాధానం. వాన మనం కురిపించేది కాదు. కట్ట కట్టడం, తూము బాగుచేయడం, పూడిక తీయడం మన పని. పాత చెరువు కదా అని వాన దాని మీద కురవడం మానదు. పూడిక తీయని మనమే నీళ్ళు ఆగలేదని దాన్ని తిడతాం.

ఇక నాకు అన్నింటికంటే ఒళ్ళు మండించేది తిట్లు కాదు, పొగడ్తలు. "ఆమెకు చదువెందుకండీ, ఆమే ఒక నడిచే గ్రంథాలయం. మన అమ్మమ్మల జ్ఞానం ముందు ఈ డిగ్రీలెంత" అని సభల్లో చెమ్మగిల్లిన కళ్ళతో మాట్లాడతారు. చప్పట్లు పడతాయి. మాట అబద్ధం కాదు. వాడే చోటే అన్యాయం. ఆమె గ్రంథాలయమైతే ఆ సభ మీదనే ఆమెకు ఒక పుస్తకం చేతికివ్వవచ్చు కదా, ఇవ్వరు. ఆమె జ్ఞానాన్ని పొగిడే మనిషి తన పిల్లను మాత్రం అట్లాంటి జ్ఞానంతో సరిపెట్టడు, నెలకిన్ని వేలు పోసి ఇంగ్లీషు మీడియంలో వేస్తాడు. నిరక్షరాస్యతను దండ వేసి కూర్చోబెట్టే ఈ భక్తి కంటే, ఈ వయసులో ఎందుకని నవ్వే కార్ఖానా మనిషే నయం. నవ్వినా అంకె దిద్దాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు ఇట్లాంటి పొగడ్తల దగ్గర ఆగిపోయి ఉంటే ఏమయ్యేది? పగలంతా కూలి చేసి, పిల్లలకు అన్నం పెట్టి, లాంతరు కింద కూర్చొని సారా గురించిన పాఠం చదివారు. చదివి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. ఆ రాత్రిబడిలో పలక పట్టినవాళ్ళు అయిదేళ్ళ పిల్లలు కారు. మాన్లు.

నార్నూర్ మండలం గుంజాల కథ ఇంకో తీరు. అక్కడి గోండు ఇళ్ళలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. తెలుగు కాదు, మరాఠీ కాదు, గోండి భాషకు సొంత లిపి. హైదరాబాదు విశ్వవిద్యాలయం నుంచి జయధీర్ తిరుమలరావు బృందం పోయి చూసేనాటికి దాన్ని చదవగలిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది, అందరూ ముసలివాళ్ళే. బయటివాళ్ళ కంటికి వాళ్ళు చదువురాని అడవి మనుషులు. ఆ ముసలివాళ్ళ దగ్గర ప్రొఫెసర్లు నేర్చుకున్నారు, గూడెం పిల్లలు నేర్చుకున్నారు. వాచకం తయారైంది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇవాళ ఆ అక్షరాలు కంప్యూటరులో కొట్టుకోవచ్చు. ఆ పెద్దల వేళ్ళు వణికే వయసులో ఆ పని మొదలైంది. ఈ వయసులో ఎందుకని వాళ్ళలో ఒక్కరన్నా అని ఉంటే ఒక లిపి కాటికి పోయేది.

పేరున్నవాళ్ళ ఉదాహరణలు కావాలనేవాళ్ళకు మన జిల్లాల్లో కొదవ లేదు. వంగర పి.వి.నరసింహారావు అరవై అయిదుకు అటూ ఇటూగా, రాజీవ్‌గాంధీ మంత్రివర్గంలో ఉన్న రోజుల్లో, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టైపు కొట్టడంతో ఆగలేదు, బేసిక్, కోబాల్ లాంటి భాషలు నేర్చి ప్రోగ్రాములు రాశాడు. 1991లో లోక్‌సభకు పోటీ చేయకుండా పెట్టే సర్దుకున్న మనిషి, డెబ్బై నిండటానికి వారం ముందు, జూన్ 21న ప్రధాని అయ్యాడు. ఆదిలాబాద్ ఉపాధ్యాయుడు సామల సదాశివకు 'స్వరలయలు' మీద 2011 కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చేనాటికి 83 ఏళ్ళు. వాళ్ళు మహానుభావులు, మామూలువాళ్ళతో పోలికేమిటంటారని తెలుసు. అందుకే బీడీల పెద్దమ్మను ముందు చెప్పి వీళ్ళను తర్వాత చెప్పాను.

చట్టాలు కూడా మెల్లగా ఈ సామెత నుంచి బయటపడుతున్నాయి. పెద్ద చదువులు లేనివాళ్ళకు, బడి వయసు దాటినవాళ్ళకు తలుపు తీస్తూ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది, ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. డాక్టరు కావాలంటే నీట్‌కు పాతికేళ్ళలోపే కూర్చోవాలన్న నిబంధనను (రిజర్వుడు వర్గాలకు 30) 2022 మార్చిలో ఎత్తేశారు. ఆఫీసు కాగితాలు మారాయి. మారనివి మన ఇళ్ళు.

ఎందుకు మారాలో ఒక్క లెక్క చెబుతాను. 2011 జనగణనలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం, కరీంనగర్ 64. ఇప్పటి తెలంగాణ సగటు 66 పైచిలుకు. ఆడవాళ్ళ వరకే చూస్తే ఆదిలాబాద్‌లో దాదాపు సగం మందికి అక్షరం లేదు. దేశంలో ఎక్కడెక్కడి నుంచో పిల్లలను ఎత్తుకొని ఏ జిల్లాకు అక్షరాల కోసం వచ్చారో, ఆ జిల్లాలోనే సగం మంది ఆడవాళ్ళు వేలిముద్ర వేశారు. వాళ్ళందరూ అయిదేళ్ళ వయసు దాటిపోయినవాళ్ళు. మన సామెత ప్రకారం వాళ్ళకిక గడువు లేదు. అమ్మవారి ప్రకారం ఉంది. ఎవరి మాట చెల్లాలో తేల్చుకోవలసింది గుడి కమిటీ కాదు, కలెక్టరు కాదు, ఇంట్లో పలక కొనే మనిషి.

వచ్చే వసంత పంచమికి బాసర పోయేవాళ్ళు గుడి ముందర దుకాణంలో పిల్లకు ఒక పలక కొంటారు కదా. రెండు కొనండి. రెండోది నాయనమ్మ చేతికివ్వండి.